తొలి నవ్వు ఎవరిది?

1981 మార్చి 30వ తేదీ మధ్యాహ్నం వాషింగ్టన్ నగరంలో, హిల్టన్ హోటల్ బయట, అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రేగన్ మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా ఆయన కారుకు తగిలి, పక్కకు మళ్ళి, ఎడమ చంక కిందుగా శరీరంలోకి దూసుకుపోయి, గుండెకు అంగుళం దూరంలో ఊపిరితిత్తిలో ఆగింది. అప్పుడాయన వయసు డెబ్భై. జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ ఆసుపత్రి గుమ్మం దాకా నడిచే వెళ్ళి, లోపల కుప్పకూలారు. మత్తుమందు ఇవ్వబోయే ముందు, చుట్టూ నిలబడ్డ వైద్యులను చూసి, మీరంతా రిపబ్లికన్లే అయి ఉంటారని ఆశిస్తున్నానన్నారు. ట్రామా బృందానికి నాయకత్వం వహిస్తున్న డాక్టర్ జోసెఫ్ జియోర్డానో రాజకీయంగా డెమొక్రాట్. ఈ రోజుకు మేమందరమూ రిపబ్లికన్లమే, అధ్యక్షా, అని ఆయన జవాబిచ్చారు.

ఈ ముచ్చట చెప్పేవారు సాధారణంగా రేగన్ ధైర్యాన్ని మెచ్చుకుంటారు. జియోర్డానో మాట కూడా అంతే శ్రద్ధగా వినదగ్గది. రోగి అన్నది ఛలోక్తే అయినా, అందులో ఒక ప్రశ్న దాగి ఉంది: నన్ను నేను మీ చేతుల్లో పెడుతున్నాను, నమ్మవచ్చునా? వైద్యుడు ఛలోక్తిని ఛలోక్తిగానే అందుకుంటూ, లోపలి ప్రశ్నకు కూడా సమాధానం చెప్పాడు. ‘ఈ రోజుకు’ అన్న చిన్న మాటలో ఆ హామీ ఉంది. ఈ రెండు మాటల వరుసక్రమం కూడా గమనించదగ్గదే. ముందు రోగి మాట్లాడాడు, తరువాత వైద్యుడు అందుకున్నాడు. అదే వైద్యుడు తానుగా మొదలుపెట్టి, నెత్తురోడుతున్న మనిషితో ‘నేను మీ పార్టీవాణ్ణి కాను, తెలుసా?’ అని ఉంటే, అది హాస్యం అనిపించుకునేది కాదు.

కష్టకాలంలో అపరిచితుల మధ్య పుట్టే చిన్న నవ్వు గురించి ఆలోచించేటప్పుడు, ఎవరు మొదలుపెట్టారు, ఎవరు అందుకున్నారు అన్న ఈ విషయమే తరచుగా మరుగున పడుతుంది. నవ్వు ఒక మందు అన్న ఆలోచన అందుకు కొంత కారణం. పత్రికా సంపాదకుడు నార్మన్ కజిన్స్ 1976లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో తన జబ్బు గురించి ఒక వ్యాసం రాశారు. వెన్నెముక కీళ్ళ వ్యాధితో బాధపడుతున్న రోజుల్లో హాస్య చలనచిత్రాలు చూసి పది నిమిషాలు కడుపారా నవ్వితే రెండు గంటలు నొప్పి లేకుండా నిద్ర పట్టేదని అందులో చెప్పారు. 1995లో ముంబయిలో మొదలైన లాఫింగ్ క్లబ్బులు ఇప్పుడు మన ఊళ్ళ పార్కుల్లోనూ కనిపిస్తాయి. వీటి ప్రయోజనం ఎంతైనా కావచ్చు. వీటిలో నవ్వు ఒక మాత్ర, మనిషి దాన్ని మింగేవాడు. ఆసుపత్రి బల్లమీద రేగన్‌కూ జియోర్డానోకూ మధ్య జరిగింది వేరు. అది ఇద్దరి వ్యవహారం.

వరస కలపడం

తెలుగునాట రైలు పెట్టెలోనో, ఆసుపత్రి వరండాలోనో పక్కన కూర్చున్న మనిషి ఎక్కువసేపు అపరిచితుడుగా ఉండడు. నోరు తెరవగానే అతను బాబాయో, అన్నో, పెద్దాయనో అవుతాడు. ఆమె అక్కో, పిన్నో, మామ్మో అవుతుంది. వరస కుదిరాక మాట సాగుతుంది, మాట సాగాక పరాచికం వస్తుంది. ఎవరితో పరాచికాలాడవచ్చునో, ఎవరితో ఆడకూడదో కూడా ఆ వరసే చెబుతుంది. బావతో ఆడే మాట మామగారితో ఆడరు. తాతా మనవలకు చెల్లే చనువు తండ్రీ కొడుకులకు చెల్లదు. పెళ్ళిళ్ళలో వియ్యాలవారిని పాట కట్టి ఆటపట్టించడం తప్పు కాకపోగా వేడుకలో భాగం.

ఈ రకమైన ఏర్పాటు చాలా సమాజాల్లో ఉందని చూపినవాడు బ్రిటిష్ మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్. ‘పరిహాసపు బాంధవ్యాలు’ అనే అర్థం వచ్చే శీర్షికతో 1940లో ఆయన ప్రచురించిన వ్యాసం నేటికీ ప్రామాణికమే. ఇద్దరి మధ్య దగ్గరితనమూ ఎడమూ రెండూ ఒకేసారి ఉన్నప్పుడు, ఆ బంధం తెగిపోకుండా, తగాదాకు దిగకుండా నిలబెట్టే మార్గాలు రెండని ఆయన ప్రతిపాదన. ఒకటి అతి మర్యాద పాటించి దూరంగా మసలడం. రెండవది, ఒకరినొకరు ఆటపట్టించుకోవడానికి సమాజమే అనుమతి ఇవ్వడం. అత్తగారి ఎదుట అల్లుడి బిడియం మొదటి రకం, బావా మరదళ్ళ వేళాకోళం రెండవ రకం.

అమెరికాలో అపరిచితుణ్ణి పిలవడానికి వరసలు లేవు. ‘సర్’, ‘మేడమ్’ అన్న సంబోధనలు దూరాన్ని మర్యాదగా కాపాడతాయే తప్ప తగ్గించవు. సామాజికశాస్త్రవేత్త అర్వింగ్ గాఫ్‌మన్ 1963లో వెలువరించిన ఒక పుస్తకంలో ఇక్కడి బహిరంగ స్థలాల మర్యాదను విశ్లేషించారు. ఎదురుపడ్డవారి కళ్ళలోకి ఒక్క క్షణం చూసి, ‘మీరున్నారని గమనించాను, మీ జోలికి రాను’ అన్నట్టు చూపు మరల్చుకోవడం ఆ మర్యాదలో ముఖ్యమైన అంశం. లిఫ్టులో అందరూ అంకెలకేసి చూడడం ఈ మర్యాదలోని భాగమే. అయితే లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయిందనుకుందాం. అప్పటిదాకా ఒకరికొకరు ఏమీ కానివారు ఆ క్షణం నుంచి ఒకే కష్టంలో ఉన్నవారవుతారు. కష్టం కలుపుతుంది, అపరిచయం విడదీస్తుంది. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ చెప్పిన దగ్గరితనమూ ఎడమూ రెండూ అక్కడ ఉన్నాయి. బాబాయ్ అని పిలిచే వీలులేని చోట, ఎవరో ఒకరు అనే చిన్న చమత్కారం ఆ పని చేస్తుంది. దాని సౌలభ్యం ఏమిటంటే, ఎదుటివారికి ఇష్టం లేకపోతే విననట్టు ఊరుకోవచ్చు. అన్నవారి మర్యాదకూ లోటు రాదు.

ఇక్కడివారు అపరిచితులతో మాట కలపడానికి ఎందుకు వెనుకాడతారన్నదాని మీద నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ షికాగో లోకల్ రైళ్ళలో ప్రయోగాలు చేసి 2014లో ఫలితాలు ప్రకటించారు. పక్కవారితో మాట్లాడుతూ ప్రయాణం చేయాలంటే బాగుండదని ప్రయాణికులు ముందుగా ఊహించారు. నిజంగా మాట్లాడినవారు మాత్రం, ఒంటరిగా మౌనంగా ప్రయాణించినవారికన్నా తమ ప్రయాణం బాగా గడిచిందని చెప్పారు.

నవ్వులో హాస్యం ఎంత?

మనం నవ్వేది హాస్యానికేనా అన్న ప్రశ్నను బాల్టిమోర్ కౌంటీలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ ప్రొవైన్ చాలా సూటిగా ఎదుర్కొన్నారు. విద్యార్థులతో కలిసి అంగళ్ళలో, దారుల్లో జనం మాటలను చాటుగా గమనించి, సహజంగా పుట్టిన 1,200 నవ్వులను నమోదు చేశారు. నవ్వుకు ముందు వచ్చిన మాటల్లో హాస్యం అనదగ్గవి ఇరవై శాతం కూడా లేవు. మిగిలినవి ‘సరే, ఇక ఉంటాను’ వంటి సాదా మాటలే. వినేవారికన్నా మాట్లాడేవారు 46 శాతం ఎక్కువగా నవ్వారు. ఒంటరిగా ఉన్నప్పటికన్నా నలుగురిలో ఉన్నప్పుడు మనిషి నవ్వే అవకాశం 30 రెట్లు ఎక్కువని కూడా ఆయన లెక్క తేల్చారు. అంటే నవ్వు ప్రధానంగా ఒక సంకేతం. చమత్కారానికి అది ప్రతిఫలంగా వచ్చేది తక్కువసార్లే.

ఈ సంకేతాన్ని దొంగిలించడం కష్టమని శరీర నిర్మాణం చెబుతుంది. మెదడులోని కండర చాలక ప్రాంతం పక్షవాతంతో దెబ్బతిన్న కొందరు రోగులను పళ్ళు చూపమని అడిగితే మూతి ఒక పక్కకే లాగుతుంది. అదే రోగికి ఏదైనా మాటకు నవ్వు వస్తే ముఖం రెండు వైపులా సమంగా విచ్చుకోవచ్చు. కోరి నవ్వే నవ్వుకూ దానంతటదే వచ్చే నవ్వుకూ నరాల దారులు వేరు. 1862లో ఫ్రెంచ్ వైద్యుడు ద్యుషేన్ గమనించినట్టు, అప్రయత్నంగా వచ్చే నవ్వు కంటి చుట్టూ ఉండే కండరాన్ని కూడా కదిలిస్తుంది. పెదవులను ఆజ్ఞాపించినంత సులువుగా ఆ కండరాన్ని ఆజ్ఞాపించలేము. అపరిచితుడి నవ్వు నిజమైనదో కాదో తేల్చుకోవడానికి మనం కళ్ళలోకి చూడడం అందుకే.

కోవిడ్ మొదలైన 2020లో ఆసుపత్రుల్లో ఈ సంకేతానికే గండి పడింది. తల నుంచి పాదాల దాకా కప్పుకున్న సిబ్బందిలో ఎవరు ఎవరో రోగులకు తెలిసేది కాదు. మేరీ బెత్ హెఫర్నన్ అనే కళాకారిణి 2014–15లో ఎబోలా కాలంలో లైబీరియాలో ప్రయత్నించిన ఒక ఉపాయం అప్పుడు స్టాన్‌ఫర్డ్‌తో సహా కొన్ని అమెరికన్ ఆసుపత్రులకు అక్కరకు వచ్చింది. నవ్వుతున్న తమ ముఖం ఫొటోను సిబ్బంది గుండెల మీద అంటించుకున్నారు. ముసుగు వెనక ఉన్నది ఒక మనిషని చెప్పడానికి అంతకన్నా సులువైన దారి కనపడలేదు.

వార్డులో

కష్టంలో ఉన్నవారి నవ్వును దగ్గరగా చూసిన తొలి పరిశోధనల్లో రెండు ఆసుపత్రులలో జరిగినవే. 1950ల తొలి సంవత్సరాల్లో రెనే ఫాక్స్ అనే యువ సామాజికశాస్త్రవేత్త బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో ‘ఎఫ్-సెకండ్’ అనే వార్డులో చాలాకాలం గడిపారు. అక్కడి రోగుల జబ్బులకు అప్పటికి నిశ్చయమైన చికిత్స లేదు. వారి మీద కొత్త మందులు, కొత్త పద్ధతులు పరీక్షించేవారు. ఆ సంగతి వారికీ తెలుసు. మొదటి విజయవంతమైన మూత్రపిండ మార్పిడి 1954 డిసెంబరులో ఈ ఆసుపత్రిలోనే జరిగింది. ఫాక్స్ 1959లో ప్రచురించిన పుస్తకంలో ఆ వార్డులో వినిపించే నవ్వుకు గణనీయమైన చోటిచ్చారు. తాము ప్రయోగానికి పనికొచ్చే ప్రాణులమని రోగులు తమ మీద తామే ఛలోక్తులు విసురుకునేవారు. తమ అజ్ఞానం మీద, తమ ప్రయోగాల వైఫల్యం మీద వైద్యులు నవ్వుకునేవారు. ఒకే అనిశ్చితి ఇరువర్గాలనూ పట్టి ఉంచింది. దాన్ని నేరుగా పలకలేనప్పుడు ఇద్దరూ ఒకే పనిముట్టు వాడుకున్నారు.

అదే 1959లో రోజ్ కోజర్ మరొక ఆసుపత్రిలోని రోగుల హాస్యం మీద ఒక వ్యాసం ప్రచురించారు. ఫిర్యాదుకూ ఛలోక్తికీ ఉన్న తేడాను ఆమె పట్టుకున్నారు. ఫిర్యాదు చేసే రోగి తన బాధను తనదిగానే ఉంచుకుని, వినేవారిమీద భారం మోపుతాడు. అదే బాధను ఛలోక్తిగా చెప్పే రోగి దాన్ని పక్క మంచాలవారందరి అనుభవంగా మారుస్తాడు. నిన్నటిదాకా ఒకరి పేరు ఒకరికి తెలియని మనుషులు, చప్పిడి కూడు మీదనో, తెల్లవారుజామున నిద్రలేపి నెత్తురు తీసే పద్ధతి మీదనో వచ్చిన ఒక మాటతో ఒక జట్టు అవుతారు.

ఈ నవ్వును వినేవారు ఏం చేయాలి? హార్వీ శాక్స్ పరిశోధనా సంప్రదాయంలో పనిచేసిన గెయిల్ జెఫర్సన్ 1984లో దీన్ని ఆశ్చర్యం కలిగించేంత సూక్ష్మంగా పరిశీలించారు. అంతకు ముందు సంభాషణలను కాగితం మీదికెక్కించేవారు నవ్వు వచ్చినచోట ‘నవ్వు’ అని కుండలీకరణాల్లో రాసి వదిలేసేవారు. జెఫర్సన్ ప్రతి నవ్వు తునకనూ, అది ఏ అక్షరం దగ్గర మొదలై ఎక్కడ ఆగిందో నమోదు చేసేవారు. అలా చూడగా, కష్టం చెప్పుకునేవారు తరచు నవ్వుతారనీ, వినేవారు సాధారణంగా ఆ నవ్వులో కలవరనీ తేలింది. చెప్పేవారి నవ్వుకు అర్థం ‘నేను తట్టుకోగలను’ అని. వినేవారు నవ్వకుండా ఉండడానికి అర్థం ‘నీ కష్టాన్ని కష్టంగానే తీసుకుంటున్నాను’ అని. జియోర్డానో చేసింది ఈ రెంటికీ మధ్య ఉన్న ఇరుకు దారిలో నడవడం. ఆయన పగలబడి నవ్వలేదు, ముఖం గంభీరంగా పెట్టి మాట తప్పించనూ లేదు.

వీధిలో

ఆసుపత్రి గోడల బయట, పట్టణమంతా ఒకే కష్టంలో పడినప్పుడు, నవ్వుకు వినేవారు ఎవరో కూడా తెలియదు. 1930ల ఆర్థిక మాంద్యంలో ఇళ్ళు పోగొట్టుకున్నవారు రేకులతో, అట్టలతో కట్టుకున్న గుడిసెల వాడలకు అప్పటి అధ్యక్షుడి పేరు మీద ‘హూవర్‌విల్’ అని పేరు వచ్చింది. చలికి కప్పుకునే పాత వార్తాపత్రిక హూవర్ దుప్పటి. లోపలిది బయటకు లాగి చూపిన ఖాళీ జేబు హూవర్ జెండా. దారిన పోయేవాడికి ఆ జేబు చూపితే చాలు, ఇద్దరూ ఏ పక్షమో ఇద్దరికీ తెలిసేది.

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను తీరం దాటాక కరకట్టలు తెగి, న్యూ ఆర్లీన్స్ నగరంలో సుమారు 80 శాతం నీట మునిగింది. వారాల తరువాత ఇళ్ళకు తిరిగివచ్చినవారికి కరెంటు లేక కుళ్ళిపోయిన ఆహారంతో ఫ్రిజ్‌లు ఎదురయ్యాయి. వాటిని తెరిచే ధైర్యం ఎవరికీ లేదు. గట్టి టేపుతో చుట్టి వీధి అంచున నిలబెట్టారు. త్వరలోనే ఆ తెల్లని తలుపులు గోడపత్రికలయ్యాయి. లోపలి కంపును సమాఖ్య విపత్తు నిర్వహణ సంస్థతో పోల్చారు ఒకరు. రాజకీయ నాయకులు లోపలున్నారని రాశారు మరికొందరు. ఫుట్‌బాల్ జట్టు యజమానినీ వదలలేదు. నగరానికి చెందిన రూపకర్త టామ్ వరిస్కో ఆ ఫ్రిజ్‌ల ఛాయాచిత్రాలతో ఒక పుస్తకమే తెచ్చారు. 2006లో కార్నివాల్ ఊరేగింపులు జరపాలా వద్దా అన్న వాదోపవాదాల నడుమ, ‘క్రూ దు వ్యూ’ అనే బృందం తన ఊరేగింపుకు ‘సె లెవీ’ అని పేరు పెట్టింది. ‘జీవితమంటే ఇంతే’ అని చెప్పే ఫ్రెంచ్ పలుకుబడిలో జీవితం బదులు కరకట్ట వచ్చి కూర్చుంది.

నగర ప్రాంగణాలను పరిశీలించిన విలియం వైట్ 1980లో ఒక సంగతి రాశారు: అపరిచితులిద్దరు మాట్లాడుకోవాలంటే ఇద్దరూ చూడగల మూడో వస్తువు ఒకటి మధ్యన ఉండాలి. వీధిలో గారడీవాడైనా సరే, శిల్పమైనా సరే. న్యూ ఆర్లీన్స్‌లో ఆ మూడో వస్తువు కంపుకొట్టే ఫ్రిజ్. రాసినవాడు అక్కడ లేకపోయినా, చదివి నవ్వుకున్న పొరుగువాడికి ఈ వీధిలోకి ఇంకెవరో తిరిగివచ్చారని తెలిసేది.

ప్రవాసాంధ్రులకూ ఇటువంటి మూడో వస్తువులు ఉన్నాయి. హైదరాబాదు శివార్లలోని చిలుకూరు వేంకటేశ్వరుడికి ‘వీసా బాలాజీ’ అన్న పేరు భక్తిలోంచి ఎంత వచ్చిందో, కాన్సులేటు ముందు నిలబడ్డవారి ఉమ్మడి బెంగలోంచి కూడా అంతే వచ్చింది. మొక్కేటప్పుడు 11 ప్రదక్షిణలు, వీసా వచ్చాక 108 అన్న లెక్కను కొత్తవారికి చెప్పేటప్పుడు, చెప్పేవారి ముఖాన ఒక చిరునవ్వు ఉంటుంది. ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్న ఉద్యోగి ‘బెంచి మీద ఉన్నా’నంటాడు. ఆ మాట అమెరికన్ ఆటల నుంచి వచ్చింది. తెలుగు మీడియం బడిలో చదివినవారికి మాత్రం అది మేష్టారు బెంచీ ఎక్కించిన రోజును గుర్తుకు తెస్తుంది. ఆ నవ్వు పంచుకోగలిగినవాడు అదే బడిలో చదివాడని తెలిసిపోతుంది.

పైనుంచి కిందికి

ఇంతవరకూ చెప్పిన ఉదాహరణలన్నింటిలో నవ్వు కష్టపడుతున్నవారి నుంచే బయలుదేరింది. దిక్కు మారితే దాని స్వభావమూ మారుతుంది. కోజర్ 1960లో ఒక మానసిక వైద్యశాల సిబ్బంది సమావేశాలను పరిశీలించి మరో వ్యాసం రాశారు. అక్కడ ఛలోక్తులు పైనుంచి కిందికే పారాయి. పెద్ద వైద్యులు చిన్నవారి మీద విసిరారు. చిన్నవారు ఎదుటనున్న పెద్దల మీద విసరలేదు. రోగుల మీదా, వారి బంధువుల మీదా, తమ మీదా విసురుకున్నారు. శామ్యూల్ షెమ్ అన్న కలం పేరుతో ఒక వైద్యుడు 1978లో రాసిన ‘ది హౌస్ ఆఫ్ గాడ్’ నవల, వృద్ధ రోగులను నీచంగా ప్రస్తావించే ఆసుపత్రి పరిభాషను లోకానికి వెల్లడించింది. నిద్రలేని యువవైద్యులకు ఆ నవ్వు ఊపిరాడటానికి పనికొచ్చి ఉండవచ్చు. తెర అవతల వింటున్న రోగికి అది ఎలా వినిపిస్తుందన్నది వేరే ప్రశ్న.

తెలుగు ఈ తేడాలను పేర్లతోనే వేరుచేసి ఉంచింది. పరాచికం వేరు, వేళాకోళం వేరు; ఎగతాళి, ఎకసెక్కెం, వెటకారం వేరు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా వెళ్ళేకొద్దీ ఇద్దరి నవ్వు ఒకరి నవ్వుగా మారిపోతుంది. నాట్యశాస్త్రం హాస్యాన్ని ఆత్మస్థం, పరస్థం అని విభజించింది. తాను నవ్వడం మొదటిది, ఎదుటివారిని నవ్వించడం రెండవది. ఆపదలో ఉన్న మనిషి తన మీద తాను నవ్వుకున్నప్పుడు ఆ రెండూ ఒక్కటవుతాయి.

అనువాదంలో పోయేది

వెండీ లెవిన్సన్, ఆమె సహపరిశోధకులు 1997లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆరెగన్, కొలరాడో రాష్ట్రాల్లో 59 మంది ప్రాథమిక వైద్యులు, 65 మంది శస్త్రవైద్యులు రోగులతో మాట్లాడిన మాటలను రికార్డు చేసి విశ్లేషించారు. ప్రాథమిక వైద్యులలో, రోగులు ఎన్నడూ దావా వేయనివారు, దావాలు ఎదుర్కొన్నవారికన్నా ఎక్కువగా నవ్వారు, హాస్యం వాడారు, రోగి అభిప్రాయాన్ని ఎక్కువసార్లు అడిగారు. వారు రోగితో గడిపిన సమయం సగటున 18.3 నిమిషాలు, రెండవవారు గడిపింది 15 నిమిషాలు. శస్త్రవైద్యులలో ఇటువంటి తేడా కనిపించలేదు. దీన్నిబట్టి జోకులు వేస్తే దావాలు తప్పుతాయని అనుకోనక్కరలేదు. నవ్వుకు చోటున్న గదిలో రోగి మాటకూ చోటు ఉంటుందని అర్థం చేసుకోవచ్చు.

ఇప్పుడు ఆ గదిలో, కొడుకు ఇంటికి వచ్చి జబ్బుపడ్డ ఒక తెలుగు పెద్దాయనను ఊహించుకుందాం. పరీక్షలయ్యాయి. రోగ నిర్ధారణ కొడుక్కి తెలుసు, తండ్రికి చెప్పలేదు. చాలా తెలుగు కుటుంబాల్లో ఇది ప్రేమతో చేసే పనే. వైద్యురాలు లోపలికి రాగానే పెద్దాయన నవ్వుతూ అంటాడు: “ఏమ్మా, పైకి నా టిక్కెట్టు కన్‌ఫర్మ్ అయిందా, ఇంకా వెయిటింగ్ లిస్టేనా?” కొడుకు ఇబ్బందిగా నవ్వి, “ఊరికే జోక్ చేస్తున్నారు” అని ఇంగ్లీషులో చెప్పేస్తాడు. వైద్యురాలు మర్యాదకు చిరునవ్వు నవ్వి మందుల గురించి మొదలుపెడుతుంది. పెద్దాయన కూడా నవ్వి ఊరుకుంటాడు.

ఆ గదిలో జరిగిన నష్టం చిన్నది కాదు. ఎవరూ తనకు చెప్పని సంగతిని, కొడుకును బాధపెట్టకుండా, తన పరువు పోకుండా అడగడానికి ఆయనకు దొరికిన ఒకే దారి ఆ టిక్కెట్టు. తాను చావు గురించి ఆలోచిస్తున్నానని, వినడానికి సిద్ధంగా ఉన్నానని కూడా ఆయన చెప్పేశాడు. ‘నవ్వు’ అని కుండలీకరణాల్లో రాసి వదిలేసిన పాత లేఖకుల్లాగే, కొడుకు ఆ మాటను వదిలేశాడు.

అమెరికాలో సమాఖ్య నిధులు తీసుకునే ఆసుపత్రులు, ఇంగ్లీషు రానివారికి ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేయాలని 1964 నాటి పౌరహక్కుల చట్టమూ, 2010 నాటి ఆరోగ్య సంరక్షణ చట్టమూ నిర్దేశిస్తున్నాయి. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవారు ఉన్నారు కదా అని చాలా కుటుంబాలు ఆ హక్కును వద్దనుకుంటాయి. రక్తపోటు అంకెలు చెప్పడానికి కొడుకో కోడలో సరిపోవచ్చు. తండ్రి తన చావు గురించి వేసిన ఛలోక్తిని అక్షరం పొల్లుపోకుండా అనువదించడం మాత్రం కన్నకొడుకును అడగదగ్గ పని కాదు. శిక్షణ పొందిన దుబాసీ అయితే రైలు టిక్కెట్టును రైలు టిక్కెట్టుగానే, అవసరమైతే మన రైళ్ళ వెయిటింగ్ లిస్టు సంగతి ఒక వాక్యంలో వివరించి, వైద్యురాలి ముందు పెట్టగలడు.

అప్పుడు ఆమె ఏమనాలి? తిరిగి జోకు వేయనక్కరలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, “ఆ ప్రయాణం గురించి ఆలోచిస్తున్నారా?” అని అడిగితే చాలు. ఆయన వాడిన మాటనే ఆమె పట్టుకుంది కాబట్టి నవ్వు తెగిపోదు. ఆయన అడిగిన ప్రశ్నకు తలుపు కూడా తెరుచుకుంటుంది. జవాబు చెప్పాలో, ‘లేదమ్మా, ఊరికే అన్నాను’ అని మాట మళ్ళించాలో ఇక ఆయన ఇష్టం.